తిరువయ్యారు సమాధి మందిరం – ఒక దాత కథ



యాగశాలలో కలశాలు కొలువుదీరి, గోపుర శిఖరానికి మంత్రజలం చేరే శుభ ముహూర్తంలో ఈ సంచిక మీ చేతికి అందుతున్నది. పుట తిప్పగానే ఎవరైనా ముందు దాతల పట్టికలో తమ ఇంటిపేరు వెతుక్కుంటారు. అది మానవ సహజం, అందులో దోషమేమీ లేదు. పేరు చూసుకున్న తరువాత కొంచెం తీరిక చేసుకొని ఈ నాలుగు పుటలూ చదువవలసినదిగా ప్రార్థన. ఒక సంగీత విద్వాంసుని స్మృతికి, ఆయన నివసించిన ఊరిలోనే, కావేరి ఒడ్డున వెలసిన ఒక చిన్న గుడి చరిత్ర ఇది. ఆ గుడిని తన సొమ్ముతో కట్టించిన దాతకే, కట్టిన తరువాత చాలా సంవత్సరాల పాటు, అక్కడి ఉత్సవంలో పాడే అర్హత లేకపోయినది. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆ ఊరు తిరువయ్యారు. తంజావూరుకు సుమారు 13 కిలోమీటర్ల దూరం. అయిదు నదుల ఊరు అని ఆ పేరుకు అర్థం. సంస్కృతంలో పంచనదక్షేత్రం అంటారు. పంచనదీశ్వరుడు, ధర్మసంవర్ధనీ దేవి అక్కడి అధిదేవతలు. నాయక రాజుల నాటి నుండి, తరువాత మరాఠా ప్రభువుల కాలంలోను, తంజావూరు సీమలో తెలుగు ఆస్థాన భాషగా, సంగీత నాట్యాల భాషగా నిలిచినది. ఆ నీడన స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. కాకర్లవారు వాటిలో ఒకరు. కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామం నుండి వలసవెళ్ళిన మురికినాటి బ్రాహ్మణులు. ఆ వంశంలో రామబ్రహ్మం, సీతమ్మ దంపతులకు 1767 మే 4వ తేదీన తిరువారూరులో జన్మించినవారే త్యాగరాజస్వామి. పుట్టుక తిరువారూరు అయినా, పెరిగినది, శొంఠి వేంకటరమణయ్యగారి వద్ద సంగీతం అభ్యసించినది, జీవితమంతా గడిపినది తిరువయ్యారులోనే. కాబట్టి స్వామివారి ఊరు ఏది అని ఎవరైనా అడిగితే తిరువయ్యారు అనే చెబుతాము.

ఆయన జీవితం ఇక్కడ వివరించనక్కరలేదు. రాజాస్థానం పిలిచినా వెళ్ళలేదు. ఉంఛవృత్తితో కుటుంబాన్ని పోషించుకున్నారు. తెలుగుదేశానికి అంత దూరంలో ఉండి, తెలుగులో పాడి, తెలుగు రాని వారిచేత కూడా తెలుగు పలికించారు. చివరి దినాలలో సన్యాసం స్వీకరించి, పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమి నాడు, అనగా 1847 జనవరి 6న, రామసాయుజ్యం పొందారు. యతిధర్మం ప్రకారం దేహాన్ని దహించక కావేరి తీరంలో సమాధి చేశారు.

ఇక్కడినుండి మన కథ మొదలవుతుంది.

స్వామివారికి సీతాలక్ష్మి అనే ఒక్కతే కుమార్తె. ఆమెకు ఒక కుమారుడు, తాతగారి పేరే పెట్టుకున్నవాడు. ఆయనకు సంతానం కలుగలేదు. ఆ విధంగా దీపం పెట్టవలసిన వంశం అక్కడితో ఆగిపోయినది. శిష్యులా, ఎవరి ఊళ్ళలో వారు: కొందరు వాలాజాపేటలో, కొందరు ఉమయాళ్పురంలో, కొందరు తిల్లైస్థానంలో. గురువుగారి తిథిని ఎవరి ఇంట వారు భక్తితో జరుపుకునేవారు. కృతులను మాత్రం ప్రాణప్రదంగా కాపాడారు. పాట ఊరూరా తిరిగి వేలమంది నోట నిలిచినది గాని, సమాధి ఒంటరిగా మిగిలినది. పిచ్చిమొక్కలు మొలిచి, వరద తాకిడికి, ఎండకు శిథిలమైనది. స్వామివారి శిష్యులలో చివరి తరానికి చెందిన ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ సోదరులు 1903లో వచ్చి చూసేనాటికి ఆ స్థలం పాడుబడి ఉన్నది. ఆ వృద్ధ శిష్యులు సమాధిని బాగుచేయించి, రాతి ఫలకం వేయించి, అక్కడే ఆరాధన జరిగే ఏర్పాటు చేశారు. ఆలోచించి చూడండి. వారు ఆ సంవత్సరం రాకపోయి ఉంటే, ఫలానా చోటు అని వేలుపెట్టి చూపించగలవారే తరువాతి కాలంలో మిగిలి ఉండేవారు కారేమో!

అక్కడినుండి ఏటేటా ఆరాధన సాగినది. తిల్లైస్థానం నరసింహ భాగవతార్, ఆయన సోదరుడు పంజు భాగవతార్ ఆ బాధ్యత తీసుకున్నారు. అయితే మన వారికి ఉత్సవం ఉన్నచోట పక్షాలు పుట్టడం కొత్త కాదు. అన్నదమ్ముల మధ్య భేదం వచ్చి, ఒక్క సమాధి దగ్గర రెండు ఉత్సవాలు ఏర్పడినవి. పెద్ద పక్షం, చిన్న పక్షం అని తమిళనాట వాటికి పేరు. ఒకరు ముందు నాళ్ళలో, మరొకరు తరువాతి నాళ్ళలో చేసేవారు. సంగీత లోకంలోని మహామహులు అటు కొందరు, ఇటు కొందరు. ప్రసిద్ధ వాయులీన విద్వాంసులు మలైక్కోట్టై గోవిందస్వామి పిళ్ళైగారు చిన్న పక్షానికి పెద్ద అండ. ఇన్ని విషయాలలో భేదించిన ఆ రెండు పక్షాలూ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉండేవి. స్త్రీలు అక్కడ పాడరాదు.

ఇప్పుడు ఆ దాతను మీకు పరిచయం చేయాలి.

బెంగళూరు నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3న మైసూరు సమీపంలోని నంజనగూడులో జన్మించారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులానికి చెందిన స్త్రీ. కుమార్తెకు చదువు, సంగీతం, నాట్యం మూడూ నేర్పించాలని ఆ తల్లి పడిన పాట్లు చాలా ఉన్నవి. బాల్యంలోనే సంస్కృతం అబ్బినది. కన్నడం, తెలుగు క్షుణ్ణంగా వచ్చినవి. బెంగళూరులో మునుస్వామప్పగారి వద్ద సంగీతం నేర్చుకున్నారు. ఆయన త్యాగరాజస్వామి శిష్యులైన వాలాజాపేట వారి పరంపరకు చెందినవారు. అంటే స్వామివారి కృతులు ఆమెకు గురుముఖంగా, పరంపర ద్వారా సంక్రమించినవే. తరువాత మదరాసులో స్థిరపడి, దక్షిణదేశమంతటా కచేరీలు చేసి, కీర్తిని, ధనాన్ని రెండింటినీ సమృద్ధిగా సంపాదించారు. విద్యాసుందరి అని బిరుదు.

కచేరీలు చేసుకునే ఆమె తెలుగు సాహిత్యానికి చేసిన సేవ ఒకటున్నది, తెలుగువారంగా మనం మరువరానిది. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలోని ముద్దుపళని అనే కవయిత్రి వ్రాసిన శృంగార ప్రబంధం రాధికా సాంత్వనము. దాని పూర్వ ముద్రణలో కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్న పీఠికా పద్యాలనే తొలగించారు. అసలు వ్రాతప్రతి సంపాదించి, ఆ పద్యాలతో సహా గ్రంథాన్ని పరిష్కరించి, వావిళ్ళ వారి ద్వారా 1910లో నాగరత్నమ్మగారు ప్రకటింపజేశారు. మరుసటి సంవత్సరమే అప్పటి ప్రభుత్వం దానిని నిషేధించినది. నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టినది. ఆ ప్రబంధంలోని శృంగారం విషయమై పెద్దలలో వాదాలు జరిగినవి, ఇప్పటికీ జరుగుతున్నవి. వాటిలోకి నేను పోను. ఒక స్త్రీ పేరును ఆమె గ్రంథంలోనుంచే తీసివేయడం నాగరత్నమ్మగారు సహించలేకపోయారన్నది మాత్రం స్పష్టం. అదీ ఒక జీర్ణోద్ధరణే గదా!

అటువంటి ఆమెకు 1921 ప్రాంతంలో సమాధి దుస్థితి తెలిసినది. ఆ స్థలం చూచి వచ్చిన మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారు ఉత్తరం వ్రాశారని ఆమె చరిత్రకారులు చెబుతారు. 1903లో చేసిన మరమ్మతు కాలానికి నిలువలేదు. సంవత్సరంలో కొద్ది దినాలు ఉత్సవం జరుగుతున్నదే గాని, మిగిలిన నాళ్ళలో దీపం పెట్టే దిక్కు లేదు. రెండు పక్షాల వారికీ ఉత్సవం ఎవరిదన్న పట్టింపు ఉన్నంతగా, గోడ ఎవరు కట్టాలన్న పట్టింపు లేకపోయినది. (ఈ మాట కొంచెం కటువుగా ఉండవచ్చు. దేవాలయ నిర్వాహక సంఘాలలో పనిచేసిన వారికి ఇది ఎంత నిజమో తెలుసు.)

ఆమె తిరువయ్యారు వెళ్ళారు. స్థలం చూశారు. చుట్టూ ఉన్న భూమిని సంపాదించి, దుర్మతి నామ సంవత్సరంలో, 1921 అక్టోబరు 27న, గుడికి శంకుస్థాపన చేయించారు. అప్పటికి ఆమె వయస్సు 42 ఏండ్లు. నగలు అమ్మారు. కచేరీల సంపాదన పెట్టారు. చందా పుస్తకం పట్టుకొని పదిమంది గడప తొక్కి చేసిన పని కాదది. ముఖ్యంగా ఒక స్త్రీ తన గానంతో ఆర్జించిన ధనం, అదే గానానికి మూలపురుషుడైన మహనీయుని పాదాల చెంతకు చేరినది. సమాధి ముందు త్యాగరాజస్వామి విగ్రహాన్ని ప్రతిష్ఠించే ఏర్పాటు జరిగినది. మూడు సంవత్సరాలకు పైగా పని సాగి, రక్తాక్షి నామ సంవత్సరంలో, 1925 జనవరి 7వ తేదీన, కుంభాభిషేకం జరిగినది.

మన ఆలయ కుంభాభిషేకంలో పాలుపంచుకుంటున్న మీకు ఆ దినం ఆమె మనస్సు ఎలా ఉండి ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. ఇటుక ఇటుకకు లెక్క తెలిసినవారికే శిఖరం మీద నీరు పడినప్పుడు కలిగే గద్గదిక తెలుస్తుంది.

తరువాత జరిగినదే కష్టంగా ఉంటుంది. గుడి ఏర్పడినది. ఉత్సవాలు ఆ గుడిలోనే, స్వామి సన్నిధిలోనే జరుగసాగినవి. ఆ సన్నిధిలో తానూ స్వామివారి కృతి పాడాలని నాగరత్నమ్మగారు కోరుకున్నారు. అనుమతి లభించలేదు. స్త్రీ అయినందున ఒకటి, అందులోను దేవదాసి అయినందున రెండవది. ఆ కాలంలో దేవదాసీ వ్యవస్థ మీద సంఘంలో తీవ్రమైన వ్యతిరేకత పెరుగుతున్నది. వ్యవస్థ మీది కోపం మనుషుల మీదికి, వారి విద్య మీదికి మళ్ళినది. వారి నోట వినబడే పాటను కచేరీ సభలలో ఆదరించిన పెద్దలే సన్నిధిలో వద్దన్నారు. ధనం తీసుకోవడానికి అడ్డురాని కులం పాడడానికి అడ్డు వచ్చినది. నాకు ఇందులో ఏ విధమైన శాస్త్రమూ కనబడడం లేదు. స్వామివారి కాలంలో ఉంఛవృత్తికి వెళ్ళినప్పుడు ఆయన జోలెలో బియ్యం పోసినవారు ఇల్లాండ్రే గదా!

ఆమె ఏమి చేశారు? గుడి నేను కట్టించాను, తాళం నా దగ్గర ఉన్నది, మీరెవరూ రావద్దు అని అనవచ్చు. అలా చేసే దాతలు లోకంలో లేకపోలేదు. ఆమె ఆ మార్గం పట్టలేదు. 1927 నాటికి సాటి కళాకారిణులను కూడగట్టుకొని, ఆ గుడి వెనుక భాగంలో మూడవ ఆరాధన ప్రారంభించారు. ముందువైపు రెండు పక్షాల పురుషులు తమ తమ వంతులలో పాడుతుంటే, వెనుకవైపు స్త్రీలు పాడారు. దీనికి స్త్రీల పక్షం అని పేరు వచ్చినది. స్వామి ఎటు తిరిగి విన్నారో మనకు తెలియదు గాని, ఏటేటా ఆ వెనుక గోష్ఠికి వచ్చే విద్వాంసురాండ్ర సంఖ్య పెరిగినది. వినవచ్చే జనమూ పెరిగినారు.

మూడు పక్షాలు, మూడు ఆరాధనలు, ఒకే సమాధి. ఇది సంగీత లోకానికే చిన్నతనంగా కొందరు పెద్దలకు తోచినది. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరుగారు, ఐ.సి.ఎస్. అధికారి ఎస్. వై. కృష్ణస్వామిగారు మొదలైనవారి కృషితో 1940-41 ప్రాంతంలో మూడు పక్షాలూ ఒకటైనవి. శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ పక్షాన ఉమ్మడి ఆరాధన జరుగసాగినది. స్త్రీలు సన్నిధి ముందుకు వచ్చి కూర్చున్నారు. గుడి కట్టిన పదహారు సంవత్సరాలకు, కట్టించిన ఆమెకు ముందువైపు చోటు దొరికినది.

ఆ ఐక్యతతో పాటే మరొక ఆచారం ఏర్పడినది. మీలో రేడియోలోను, దూరదర్శన్‌లోను పుష్య బహుళ పంచమి కార్యక్రమాన్ని విన్నవారికి అది సుపరిచితం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఘనరాగ పంచరత్న కృతులను విద్వాంసులందరూ కలిసి ఏకకంఠంగా పాడడం. ఇది స్వామివారి కాలం నాటి సంప్రదాయమని చాలామంది అనుకుంటారు. కాదు. అంతకు పూర్వం ఒక్కొక్కరు విడివిడిగా పాడి అంజలి ఘటించేవారు. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరికి ఎంతసేపు అని పట్టింపులు వచ్చేవి. అందరికీ తెలిసిన అయిదు కృతులను అందరూ కలిసి పాడే పద్ధతి ఆ ఐక్య ఆరాధనతో స్థిరపడినది. ఈ సూచన చేసినవారు హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతారుగారని చెబుతారు. కలిసి పాడేటప్పుడు పెద్ద విద్వాంసుడు, నిన్న మొన్న నేర్చుకున్న పిల్లవాడు, పురుషుడు, స్త్రీ అందరి గొంతు ఒకటే. ఎవరి గొంతు ఏదో వేరుచేసి చెప్పలేరు. పక్షాల తగవుకు ఇంతకన్నా మంచి పరిష్కారం నాకైతే తోచడం లేదు.

నాగరత్నమ్మగారు తరువాతి జీవితాన్ని తిరువయ్యారులోనే, స్వామి సేవలోనే గడిపారు. త్యాగసేవాసక్త అనే బిరుదు ఆమెకు తగినట్లే లభించినది. ఉన్న ఆస్తిని సమాధి నిర్వహణకు ట్రస్టు రూపంలో వ్రాసి ఇచ్చారు. దాతలు షరతులు పెట్టడం మామూలే: తన పేరు చెక్కించాలని, తన వంశస్థులకు తీర్థప్రసాదాలలో ప్రథమ గౌరవం దక్కాలని. ఆమె పెట్టిన షరతు వేరు. ఆ సన్నిధిలో దేవదాసీలతో సహా స్త్రీలందరికీ పురుషులతో సమానంగా గానసేవ చేసే హక్కు ఉండాలని వ్రాయించారు. ఆమెకు వంశం లేదు. తరువాత రాబోయే, తాను చూడని, పేరైనా తెలియని ఆడపిల్లల కోసం వ్రాసిన మాట అది. 1952 మే 19న ఆమె కన్నుమూశారు.

స్వామివారి సమాధి ఆవరణలోనే ఆమెకూ ఒక చిన్న మందిరం ఉన్నది. లోపల ఆమె విగ్రహం కూర్చొని, రెండు చేతులూ జోడించి, స్వామి సన్నిధి వైపు చూస్తూ ఉంటుంది. హడావుడిగా వెళ్ళిన యాత్రికులు స్వామి దర్శనం చేసుకొని, ఆవరణలో పలకల మీద చెక్కిన కృతులు చదువుకొని, కావేరిలో కాళ్ళు కడుగుకొని వెనుదిరుగుతారు. ఆ చిన్న మందిరం ఎవరిదని అడిగేవారు తక్కువ. మన ప్రాంతం నుండి కుంభకోణం, తంజావూరు యాత్రకు వెళ్ళే బస్సులు చాలావరకు తిరువయ్యారు మీదుగానే పోతాయి. ఈసారి మీరు వెళితే అక్కడ ఒక్క నిమిషం నిలువండి.

వీలైతే పుష్య బహుళ పంచమి నాటికే వెళ్ళండి. ఉదయం పెందలకడనే చేరుకోవాలి. తిరుమంజన వీధిలో స్వామివారు నివసించిన ఇంటి నుండి ఉంఛవృత్తి భజనతో ఊరేగింపు బయలుదేరి సమాధికి చేరుతుంది. పందిరిలో రెండు వైపులా బారులు తీరి గాయనీ గాయకులు కూర్చుంటారు. స్వామికి అభిషేకం మొదలవుతుంది. నాటరాగం ఎత్తుకుంటారు. అందరి ఎదుటా స్వామి ఉంటారు. కొంచెం తల తిప్పి చూస్తే, చేతులు జోడించుకొని కూర్చున్న ఆమె కూడా కనబడతారు.